మొదటి పాలు ఎవరికి

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పాలవ్యాను వచ్చి బడి ముందర ఆగింది. రోజూ వచ్చే వ్యానే, రోజూ ఆగే చోటే. 1998 ఆగస్టులో ఒక మంగళవారం అది. చౌడేపల్లె మండలంలోని ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా నేను చేరి అప్పటికి రెండేళ్ళు. పుంగనూరు నుంచి నాకు దొరికే బస్సుల్లో ఒకటి మరీ ముందు, ఇంకొకటి మరీ ఆలస్యం. ముందుదానికే వచ్చి బడి అరుగు మీద పుస్తకం చదువుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ రోజు పుస్తకం తెరవలేదు. ఒకావిడ వ్యాను దగ్గర క్యాను దించింది. వ్యానుతో వచ్చిన మనిషి గరిటెడు పాలు చిన్న గిన్నెలో పోసి కాచి చూశాడు. విరిగాయి.

"ఇంగా జున్ను పోలేదుమ్మా. నాలుగు దినాలు ఆగి తీసకరా" అన్నాడు.

"తెలుసులేప్పా. ఒగసారి సూద్దామని తెచ్చినా" అని ఆమె నవ్వి, క్యాను ఎత్తుకుని ఎదురింటి గడప దగ్గర వాళ్ళ చెంబులో పోసి, పక్కింటికి మళ్ళింది.

ఈనిన ఆవు మొదటి రోజుల పాలను వ్యాను తీసుకోదు. అంటే ఆ ఊళ్ళో అమ్మకానికి పోని పాలు అవి మాత్రమే. అవి ఎవరికో ఒకరికి చేరాలి. ముందు ఎవరికి చేరాలో ప్రతి ఇంటికీ ఒక పద్ధతి ఉంటుంది. మూడు రోజులుగా నేను వెతుకుతున్న పాఠం అదేనని ఒక్కసారిగా తోచి లేచి నిలబడ్డాను. హెడ్మాస్టరు మునిరత్నం సారు వచ్చేది తొమ్మిదిన్నరకు. అంతవరకు కూర్చోలేకపోయాను. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాను.

మునిరత్నం సారు పోయిన నెల చనిపోయారు. మాది ఇద్దరు టీచర్ల బడి. ఈ పాఠం ఎట్లా పుట్టిందో మొదటినుంచి చూసినవాళ్ళం మేమిద్దరమే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను.

వెతుకులాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానంలో పండుగల గురించి ఒక పాఠం ఉండేది. ఏ మతంవారు ఏ పండుగ చేస్తారో నాలుగు పేరాల్లో ఉంటుంది. ప్రభుత్వ బడిలో మతబోధన చేయకూడదు, అది రాజ్యాంగంలోనే ఉంది. మతాల గురించి చెప్పవచ్చు, మతం చెప్పకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. అందుకని చాలామంది ఆ పాఠాన్ని ఒకసారి చదివించి దాటేసేవారు.

నేను దాటేయలేదు. బోధనోపకరణాలు లేకుండా పాఠం చెప్పకూడదని గట్టిగా పట్టుబట్టిన రోజులవి. అట్ట మీద నాలుగు గడులు గీశాను. హిందూ, ముస్లిం, క్రైస్తవ, ఇతర. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు కలిపి ముప్పై నలుగురు. ఒక్కొక్కరి పేరూ చీటీ మీద రాసి గడిలో అతికించాను. మొదటి గడిలో ముప్పై ఒక్క చీటీలు ఇరుక్కున్నాయి. మూడో గడిలో రెండు. నాలుగోది ఖాళీ. రెండో గడి మధ్యలో ఒకే చీటీ, నూర్బి. అట్టను గోడకు కొట్టి, రంగులు బాగా వచ్చాయని సంతోషపడి బస్సెక్కాను.

మరుసటి రోజు నూర్బి వాళ్ళ నాయన ఖాదర్ వచ్చాడు. అతనికి రెండు ఆవులు, పుంగనూరుకు తిరిగే ఆటో ఒకటి. వరండా ఎక్కలేదు, కింద నిలబడే మాట్లాడాడు.

"టీచరమ్మా, మా బిడ్డ రేత్రి అన్నం తినలే. నా గడిలో నేనొక్కదాన్నే ఉండానబ్బా అంటాది. ఈ ఊళ్ళో మాది ఒగ ఇల్లేనని మాకు తెలవదా? దాన్ని గోడకేసి సూపాల్నా?"

పాఠం ఉద్దేశం ఏమిటో చెప్పబోయాను. అతను వినలేదు, విననవసరమూ లేదు. దసరా సెలవుల తర్వాత నూర్బిని పుంగనూరులో అక్క ఇంట్లో వదిలి అక్కడి ఉర్దూ బడిలో చేర్పిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం నూర్బి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"టీచర్, నా చీటీ పీకేస్తే నేను ఈడనే ఉండొచ్చా?"

అట్ట మొత్తం తీసేశాను. అయితే అట్ట తీసినంత మాత్రాన ఖాదర్ మనసు మారదు. మండల విద్యాధికారి, అంటే ఎం.ఈ.ఓ. గారు, పల్లెల్లో తనిఖీలకు ఖాదర్ ఆటోలోనే తిరిగేవారు. శనివారానికల్లా సంగతి ఆయనకు చేరింది. బడికి వచ్చి నన్ను పిలిచారు.

"పాఠం సదివించి వదిలేస్తే పోయేదానికి ఈ పట్టికలన్నీ యాలమ్మా?"

ఆ పాఠాన్ని పూర్తిగా ఆపేయమంటారనుకున్నాను. మునిరత్నం సారు కల్పించుకున్నారు. పట్టిక తప్పే, పాఠం తప్పు కాదు, ఇంకోరకంగా చెప్పడానికి ఒక అవకాశం ఇవ్వండి అన్నారు. ఎం.ఈ.ఓ. గారు, సెప్టెంబరులో టీచర్ సెంటర్ సమావేశం మీ బడిలోనే కదా, ఆ రోజు నమూనా పాఠం ఇదే చెప్పండి అన్నారు. చుట్టుపక్కల పది బడుల టీచర్లు రెండు నెలలకొకసారి ఒకచోట చేరడాన్ని టీచర్ సెంటర్ సమావేశం అనేవాళ్ళం. అందులో ఒకరు పిల్లలకు పాఠం చెబుతారు, మిగిలినవారు వెనక కూర్చుని పరిశీలన పత్రం నింపుతారు. మునిరత్నం సారు ఇంకో మాట అడిగారు. తల్లిదండ్రులను కూడా పిలుస్తాం, ఖాదర్‌ను ముందు పిలుస్తాం. ఎం.ఈ.ఓ. గారు ఒప్పుకున్నారు. ఖాదర్ ఆ రోజు కూడా కాదంటే పాఠం ఆగిపోతుంది, సంజాయిషీ రాసివ్వాలి అన్నారు. నాకు సంజాయిషీ గురించి దిగులు లేదు. నూర్బి అడిగిన ప్రశ్న ఒక్కటే తిరుగుతూ ఉంది.

మంగళవారం పాలవ్యాను వచ్చేసరికి నేను ఉన్న స్థితి ఇది.

తొమ్మిదిన్నరకు మునిరత్నం సారు సైకిలు స్టాండు వేయకముందే చెప్పేశాను. మతం అడగవద్దు, పండుగ అడగవద్దు. ఆవు ఈనితే మీ ఇంట్లో మొదటి పాలు ఎవరికి? అదొక్కటే అడుగుదాం. ఆయన సైకిలు పట్టుకునే నిలబడి విన్నారు.

"మా అమ్మ మొదటి పాలు పిల్లికి పోసేది. నన్ను ఏ గడిలో పెడతావమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజే నియమాలు రాసుకున్నాం. ప్రశ్నను ఇంటికి తీసుకుపోయి పెద్దవాళ్ళను అడగాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు బడిలో చెప్పాలి. ప్రతి మాటా "మా ఇంట్లో" అని మొదలుపెట్టాలి, ఇంకొకరి ఇంటి సంగతి ఎత్తకూడదు. చెప్పడం ఇష్టం లేనివాళ్ళు "నేను వింటాను" అంటే చాలు, వాళ్ళను మళ్ళీ అడగరు. చివరి నియమం నూర్బి కోసం పెట్టింది.

తర్వాతి మూడు వారాలు నా ఉద్యోగ జీవితంలో మరిచిపోలేనివి. ఇంటి దగ్గర అడిగి రమ్మంటే సాధారణంగా సగం మంది మరిచిపోయి వస్తారు. ఈ ప్రశ్నకు గంట కొట్టకముందే వరండాలో కాచుకుని ఉన్నారు. ఒకడు పరుగెత్తుకొచ్చి, ఆయాసం తీరకముందే "మా ఇంట్లో పుట్టకు పోస్తారు టీచర్, మా జేజి పోనిస్తే గదా ఇంగొకరికి" అని వాళ్ళ నాయనమ్మ మాట చెప్పాడు. ఒకరింట్లో పశువులను కాపాడే కాటమరాజు రాయికి పోస్తారు. ఒకరు గంగమ్మకు ముడుపు కట్టి, పదో రోజు పాలు తీసుకుపోయి పోస్తారు. ఎస్తేరు వాళ్ళింట్లో జున్ను వండి, పాదిరిగారు వచ్చి ప్రార్థన చేసేదాకా ముట్టుకోరు. శంకరప్ప కొడుకు చెప్పిన జవాబు నన్ను కదిలించింది. శంకరప్ప దేవుణ్ణి నమ్మని మనిషి, ఊళ్ళో అందరికీ తెలుసు.

"మా ఇంట్లో దూడకే. ఆవు ఈనింది దూడ కోసరం గానీ దేవుని కోసరం గాదు అంటాడు మా నాయన."

పిల్లలెవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం, అన్నీ దూడే తాగితే కడుపు ఉబ్బుతాది గదా అని అడిగింది. దానిమీద పది నిమిషాలు చర్చ. నేను పుస్తకాల్లో విశ్వాసాలు, అవిశ్వాసాలు అని చదివినవన్నీ ఆ గదిలో ఒకే వరసలో, ఒకే రకం వాక్యంలో కూర్చున్నాయి. సాయంత్రం బస్సులో ఎవరికైనా చెప్పుకోకపోతే ఆగలేనంత ఉత్సాహంగా ఉండేది. పక్కన కూర్చున్న సదుం కూరగాయలామెకు చెప్పాను. ఆమె తన ఇంటి పద్ధతి చెప్పింది. వెనక సీటులో ఆయన ఇంకొకటి చెప్పాడు. బస్సు పుంగనూరు చేరేసరికి కండక్టరు కూడా మాటల్లోకి వచ్చాడు.

ప్రాక్టీసు పాఠాల్లో పన్నెండు మంది "నేను వింటాను" అన్నారు. నూర్బి అందులో ఒకతి. మిగిలిన పదకొండు మంది వినే ఓపిక ఉన్న పిల్లలని మెచ్చుకుని, నోట్సులో కూడా అలాగే రాసుకున్నాను.

సమావేశం రోజు ఇరవై ఇద్దరు టీచర్లు వచ్చారు. ఎం.ఈ.ఓ. గారు కుర్చీలో కూర్చున్నారు. తల్లిదండ్రులు పదిమంది దాకా గోడ వారగా. ఖాదర్ వచ్చాడు కానీ లోపలికి రాలేదు. ఆటో బయట పెట్టి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోవడానికి అనువైన చోటు అది.

పాఠం బాగా మొదలైంది. చేతులు లేస్తున్నాయి. పుట్ట, రాయి, గంగమ్మ, ప్రార్థన, దూడ. నూర్బి వంతు వచ్చింది. "నేను వింటాను టీచర్" అంది తల ఎత్తకుండా. సరేనమ్మా అన్నాను. గుమ్మం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. తర్వాత మునెమ్మ. వాళ్ళమ్మ ఊళ్ళో నాలుగైదు ఇళ్ళలో పశువుల కొట్టాలు ఊడ్చి, పేడ ఎత్తే మనిషి. ప్రాక్టీసులో మునెమ్మ కూడా వినే పిల్లే. ఆ రోజు వినలేదు, లేచింది.

"మాకు ఆవు లేదు టీచర్."

నా పాఠ్య పథకంలో ఆ జవాబుకు చోటు లేదు. నేను సదుం వైపు రైతుల ఇంట్లో పుట్టాను. ఇల్లంటే కొట్టం, కొట్టమంటే ఆవు అనుకుని పెరిగాను. మతం లేని ప్రశ్న దొరికిందని సంబరపడ్డాను గానీ, ఆ ప్రశ్న ఆవున్న ఇళ్ళకే పోతుందని నాకు తోచనే లేదు. ఆ పదకొండు మంది ఎందుకు వింటూ కూర్చున్నారో అప్పుడు అర్థమైంది. మునెమ్మ ఆగలేదు.

"మా ఇంట్లో ఎవురు జున్ను ఇస్తే వాళ్ళ దేవునికి మా అమ్మ మొక్కుతాది. పెద్దింటోళ్ళు పుట్టకు పోసినాంక మాకిస్తారు. ఎస్తేరు వాళ్ళు ప్రార్థన అయినాంక ఇస్తారు. శంకరప్ప మామ ఇంట్లో దూడ తాగినాంక ఇస్తారు, ఆ పొద్దు మా అమ్మ దూడకే మొక్కింది. నూర్బి వాళ్ళింట్లో దేవుని పేర పాతియా సదివినాంక మొదటి గిన్నె మాకే."

నియమం తప్పిందని ఆపాలి. ఆపలేదు. ఆ పిల్లకు చెప్పడానికి ఇంకొకరి ఇళ్ళే ఉన్నాయి. ఆమె ఇంకా ఒక మాట అంది, అదే గొంతుతో.

"పెద్దింటోళ్ళు పైనుంచి పోస్తారు. నూర్బి వాళ్ళు గిన్నె చేతికిస్తారు."

గోడ వారన కూర్చున్న ఒకాయన పైగుడ్డ సర్దుకున్నాడు. టీచర్లు పరిశీలన పత్రాల్లోకి తలలు దించారు. ఎం.ఈ.ఓ. గారు కలం మూత తిప్పుతున్నారు. పాఠం పని, దాంతోపాటు నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గరనుంచి ఖాదర్ మాట్లాడాడు.

"మొదటి గిన్నె కాదుమ్మే. మొదటిది దర్గాకాడ ఫకీరుకు. రెండోది మీకు."

మునెమ్మ అతని వైపు తిరిగింది. "కాదు మామా. పోయినసారి మొదటిదే ఇచ్చినారు."

"నీకేం తెలుసు, మా ఇంట్లో పద్ధతి నాకు తెలవదా?"

నూర్బి లేచింది. "అబ్బా, ఫకీరు ఆ పొద్దు ఊళ్ళో లేడు. నువ్వు ఆటోకు పోయినావు. గిన్నె సల్లారిపోతాదని అమ్మ మునెమ్మ వాళ్ళకిచ్చి రమ్మనింది. నేనే ఇచ్చి వచ్చినా."

ఖాదర్ కూతురి వైపు తిరిగాడు. "ఇంట్లో నాకు చెప్పకుండా ఇన్ని జరుగుతాండాయా" అన్నాడు. గది మొత్తం నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది నూర్బి. నవ్వుతూనే నా వైపు తిరిగి, అడగకుండానే చెప్పింది. "మా ఇంట్లో టీచర్, మొదట దర్గాకు. ఫకీరు లేకుంటే ఎవురికి ఆకలైతే వాళ్ళకు. అమ్మ అట్ల చెప్పింది." నియమం ప్రకారం "మా ఇంట్లో" అంటూనే మొదలుపెట్టింది ఆ పిల్ల.

ఆ తర్వాత గదిని నేను పట్టలేకపోయాను. గోడ వారన ఉన్న పెద్దవాళ్ళు ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ మాట్లాడారు. జున్ను పంచేది మూడో రోజు కాదు, అయిదో రోజు అని ఒకరు. సోమల వైపు మొదటి పాలు బావిలో పోస్తారని ఒక టీచరు. పైగుడ్డ సర్దుకున్నాయన పైనుంచి పోసే మాట గురించి ఏమీ అనలేదు, మాట మార్చనూ లేదు, తల ఊపాడు. ఎం.ఈ.ఓ. గారిది కుప్పం. ఆయన కలం పక్కన పెట్టి, మా ఇంట్లో మొదటి పాలు ఊరిపొలిమేరలో పోసేవారు, యాలని ఎవురినీ అడగలేదు, ఈ పొద్దు ఇంటికి ఉత్తరం రాసి అడుగుతా అన్నారు. పరిశీలన పత్రాలు చాలామంది ఖాళీగా ఇచ్చారు.

ఖాదర్ ఎప్పుడు లోపలికి వచ్చాడో నేను చూడలేదు. చివర్లో చూస్తే గోడ వారన కూర్చుని, శంకరప్పతో దూడ కడుపు గురించి వాదిస్తున్నాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగాడు.

"దసరాకు ఉర్దూ బడి సంగతి ఏమైందప్పా" అని అడిగాను.

"ఆడికి పంపితే ఈడ నా ఇంటి సంగతి నాకెవురు చెప్తారు టీచరమ్మా" అన్నాడు.

తనిఖీ రిజిస్టరులో ఎం.ఈ.ఓ. గారు రాసిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. పట్టిక పద్ధతి విడనాడవలెను. ఇంటి ప్రశ్న కొనసాగించవచ్చును. ఆవు లేని ఇండ్లకు తగిన ప్రశ్న ఆలోచించవలెను. ఆ మూడో వాక్యం ఆయన నన్ను తప్పుపట్టి రాసినది. సరిగానే రాశారు. ఆ సాయంత్రం మునెమ్మ వాళ్ళ ఇంటికి వెళ్ళి, ప్రశ్న సరిగా అడగలేదని వాళ్ళమ్మతో చెప్పాను. ఆమెకు నేను ఎందుకు వచ్చానో అర్థం కాలేదు. కూర్చోమ్మా అని చాప వేసింది. నూర్బి అయిదో తరగతి మా బడిలోనే చదివి, పుంగనూరు హైస్కూలుకు వాళ్ళ నాయన ఆటోలోనే వెళ్ళివచ్చింది.

తర్వాతి ప్రశ్న దొరకడానికి నాకు ఏడాది పట్టింది. ఏ వస్తువూ ఉండనక్కరలేని ప్రశ్న కావాలి. మీ ఇంట్లో తప్పిపోయింది దొరికితే ముందు ఎవరికి చెబుతారు? తప్పిపోవడానికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. 2001లో కుప్పానికి బదిలీ అయినప్పుడు తమిళం, కన్నడం, తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద ఈ ప్రశ్నకు జవాబులు చెప్పారు. 2006లో మదనపల్లెకు వచ్చాక, అద్దె ఇళ్ళ పిల్లలే ఎక్కువ కాబట్టి, ఇల్లు మారితే ముందు ఏం లోపల పెడతారని అడిగాను. ప్రతిచోటా తల్లిదండ్రులను పిలిచాను. ప్రతిచోటా ఎవరో ఒకరు గుమ్మం దగ్గరనుంచి దిద్దారు.

ఈ సంఘటన నాకు నేర్పింది రెండే. ప్రశ్న పంపేముందు అది ఏ ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుందో చూసుకోవాలి. ఒక ఇంటి నమ్మకం గురించి బడిలో మాట్లాడితే, ఆ ఇంటివాళ్ళు వినేచోట మాట్లాడాలి. తప్పు చెబితే వాళ్ళు దిద్దుతారు, దిద్దినవాళ్ళకు మన మీద భయం ఉండదు.

ఇప్పుడు నమూనా పాఠాలు టీచర్లే పిల్లల స్థానంలో కూర్చుని, టీచర్లకే చెప్పుకుంటారు. పిల్లలను కూర్చోబెట్టడం లేదు. తల్లిదండ్రులను పిలవడం లేదు.